వార్ధక్యపు నిలువ సొమ్మును – వస్తుసేవల పన్నును



ఇటీవల నొక పరపతి సంఘపు అరుగుపై కూర్చుండి యుండగా, అరువదియేండ్లు దాటిన సభ్యుడొకరు నాతో నిట్లనిరి: "అయ్యా, సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను లేదు గదా. నేను సర్కారుకు ఒక్క దమ్మిడీ పన్ను కట్టువాడను కాను. పోస్టాఫీసులో దాచుకొన్న నా సొమ్ము జోలికి వచ్చు వారెవరు?" ఆ మాట లైన పిమ్మట వారు అంగడికి పోయి మోకాళ్ల నొప్పులకు మందు, దంతములకు పేస్టు, కోడలు చెప్పిన బట్టల సబ్బు కొని యింటికి వెడలిరి. ఆ మూటలో పన్ను లేని వస్తు వొక్కటియు లేదు.

మదరాసు రాజధానిలో 1939లోనే అమ్మకపు పన్ను చట్టము పుట్టినది. దేశమంతటికిని ఒకటిగా వస్తుసేవల పన్ను 2017 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఇది సంపాదించినపుడు గాక ఖర్చుపెట్టినపుడు తగులు పన్ను. ధరలో కలిసిపోయి యుండుటచేత కంటికి కనబడదు. శిస్తువలె రసీదు వ్రాసి వసూలు చేసినచో మన వా రెప్పుడో గగ్గోలు పెట్టి యుందురు.

పడుచు రైతునకు ఈ పన్ను పెరిగినను వచ్చు పంటలో కొంత సర్దుకొనవచ్చును. కాడి దింపిన వృద్ధునకు వచ్చు పంట యేది? ఆయన లక్ష రూపాయలు దాచెననుకొనుడు. ఆ సొమ్మంతయు నూటికి 5 రూపాయల పన్ను గల వస్తువులపై వెచ్చించినచో 95,238 రూపాయల సరకు దక్కి, తక్కిన 4,762 రూపాయలు పన్నుక్రింద పోవును. నూటికి 18 గల వస్తువులైనచో దక్కు సరకు 84,746 మాత్రమే. పాస్‌బుక్కులో నంకె మారదు. దానితో వచ్చు సరకు మారును.

న్యాయముగా నొక సంగతి యొప్పుకొనవలెను. నెలజీతముపై ఆదాయపు పన్ను కట్టి, మిగిలినది దాచి, దానిని వాడుకొను దినమున మరల పన్ను కట్టు ఉద్యోగి "ఒకే రూపాయికి రెండు పన్నులా?" యని యడుగవచ్చును. మన మట్లు అడుగజాలము. విడిబియ్యమునకు, పచ్చిపాలకు పన్ను లేకుండుటయు నిజమే. 2022 జూలై నుండి 25 కిలోల వరకు గల ముద్ర వేసిన బియ్యపు సంచులకు నూటికి 5 వంతున పన్ను విధింపగా, మన మిల్లులవారు 26 కిలోల బస్తాలు కుట్టిన సంగతి మీ రెరుగుదురు! 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య భీమాలపై పన్ను తీసివేయుటయు, పెక్కు మందులపై 12 నుండి 5కు తగ్గించుటయు వృద్ధులకు మేలైన పనులే.

అయినను మన కష్టము వేరొకచోట నున్నది. దుకాణదారుడు తాను కొన్న సరకుపై కట్టిన పన్నును, తాను వసూలు చేసిన పన్నులో తగ్గించుకొనును. సొంత సేద్యపు పంటకు రైతు ఈ పన్ను చట్టము క్రింద నమోదు కానక్కరలేదు, అది సుళువే. కాని నమోదు లేనివానికి ఆ తగ్గింపును లేదు. ఎరువుపై నూటికి 5, రసాయనిక పురుగుమందుపై నూటికి 18 పన్ను సేద్యపు ఖర్చులోనే నిలిచిపోవును. అనగా దాచుకొనుటకు ముందే నిలువ తరుగుచున్నది. పురుగు కనబడకమున్నే మందు చల్లు అలవాటు మానుడని నేను పొలముగట్లపై మొఱపెట్టుకొనుటకు ఇదియు నొక కారణము.

ఇంతకంటె ముఖ్యమైనది పింఛను. చిన్న రైతులకై 2019లో ప్రారంభమైన ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజనలో, వయస్సునుబట్టి నెలకు 55 మొదలు 200 రూపాయల వరకు కట్టినచో, అరువది యేండ్లు నిండిన పిదప నెలకు 3,000 రూపాయలు లభించును. ప్రభుత్వమును సమానముగా జమ కట్టును. మంచి పథకమే. కాని 2019లో పదునెనిమిదేండ్ల వయసున చేరినవానికి పింఛను 2061లో గాని రాదు. ధరలు ఏటా నూటికి 4 వంతున పెరిగినచో, నాటి 3,000 రూపాయలు 2019 లెక్కలో సుమారు 580 రూపాయల సరకు మాత్రమే తెచ్చును. ఈలోపల పన్ను రేటు ఒకసారి పెరిగినను ఆ మేరకు మరింత కోత. కేంద్రప్రభుత్వపు పింఛనుదారునకు ధరల ననుసరించి ఏటికి రెండుసార్లు కరువు భృతి సవరింపబడును. జపానులో 1989లో నూటికి 3గా మొదలిడిన వినిమయపు పన్ను 2019 నాటికి 10కి పెరిగినది. కాని ఆహారమునకు 8 వద్దనే నిలిపిరి, పింఛనును ధరలతో, పూర్తిగా గాకున్నను, ముడిపెట్టిరి. మన రైతు పింఛనున కట్టి ముడి యేదియు లేదు.

కనుక పథకమున చేరవలదని నే నెవ్వరికిని చెప్పను. నెలకు 55 రూపాయలకు అంతకు మించిన అండ దొరకుట కష్టము. దానినే సర్వస్వమని నమ్మి, చెఱువు క్రింది అరయెకరము అమ్మి రొక్కము చేయబోవు వారిని మాత్రము ఆపుదును. రైతు పింఛనును ధరలతో ముడిపెట్టవలెననియు, పురుగుమందులపై రైతు కట్టిన పన్నును తిరిగి యిచ్చు దారి చూపవలెననియు ప్రతి సంఘమును తన సర్వసభ్య సమావేశమున తీర్మానించి పైకి పంపవలెనని నా అభిప్రాయము. తీర్మానపు నకలు వ్రాయుటకు సాయము కావలసిన కార్యదర్శులు నేను మీ గ్రామమునకు వచ్చు దినమున కాగితము సిద్ధముగా నుంచవలెను.