కళాశాల విద్య ఉచితముగా నుండవలెనా?

పరీక్షా ఫలితములు వెలువడిన నాటినుండి మన సంఘ సభ్యులు పలువురు బిడ్డలను వెంటబెట్టుకొని హైదరాబాదులోని హిమాయత్‌నగరమునకు ప్రయాణమగుచుందురు. ఆ వీథులలోను, ప్రక్కనున్న నారాయణగూడలోను కళాశాలలు, శిక్షణాలయములు, అద్దె వసతి గృహములు కిక్కిరిసి యున్నవి. తిరిగివచ్చినవారు మమ్ము అడుగు ప్రశ్న యొక్కటియే: "రుసుము ప్రభుత్వమే చెల్లించు ననిరి గదా, మాకింత సొమ్ము ఏల కావలసివచ్చెను?" ఈ ప్రశ్న సహకార సంఘమునకు పరాయిది కాదు. పైరు పేరిట తీసికొన్న అప్పు ఎరువునకు గాక వసతి గృహపు బయానాకు పోయినచో, వాయిదా నాటికి చిక్కుపడునది సభ్యుడును, సంఘమును గూడ.

2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై. యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము బోధనా రుసుములను తాను భరించు పథకమును బీద కుటుంబములకు విస్తరించెను. దాని మేలును కాదనుట కృతఘ్నత. కూలివాని కుమార్తె ఇంజనీరగుట మన తాతల కాలమున ఊహకైన రాని సంగతి. చదువువలని లాభము ఒక్క యింటితో నిలువదు. పశువైద్యుడు, ఉపాధ్యాయురాలు, సంఘపు లెక్కలు తనిఖీ చేయు ఉద్యోగి, అందరును కళాశాలలనుండియే రావలెను. ఊరందరికి పనికివచ్చు విద్యకు ఊరందరును ఖర్చు పంచుకొనుట న్యాయమే.

ఎదుటివారి వాదమును త్రోసివేయరాదు. సబ్బుబిళ్ల కొన్న కూలివాడును పన్ను చెల్లించుచున్నాడు. వాని బిడ్డ పదవ తరగతితో చదువు మానినప్పుడు, వాని సొమ్ముతో కలవారి బిడ్డ ఉచితముగా చదువుట తగునా? మఱియు రుసుము వచ్చుట నిశ్చయమని తలంచి వందలకొలది ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. తరువాత విద్యార్థులు లేక వానిలో పలు మూతపడినవి. ఆస్ట్రేలియా దేశము 1974లో రుసుము తీసివేసి, 1989లో, ఆదాయము వచ్చిన పిదప తిరిగి చెల్లించు పద్ధతిని తెచ్చెను. జర్మనీలో కొన్ని రాష్ట్రములు రుసుము విధించి, 2014 నాటికి అన్నియు మానుకొనెను. పెద్ద దేశములకే ఏకాభిప్రాయము కుదురలేదు.

మా యభిప్రాయమున రైతుబిడ్డకు అసలు చిక్కు వేఱుచోట నున్నది. సొమ్ము వేళకు రాదు. బకాయిలకొఱకు 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి సమ్మె చేసినవి. సర్కారు సొమ్ము రాలేదని ధ్రువపత్రములు నిలిపివేసినచో, ఉద్యోగము దొరకిన పిల్లయు చేరజాలదు. తండ్రి అప్పు చేసి విడిపించుకొనవలెను. పైరు ఎండిన పిదప వదలిన కాలువనీరు ఎవరికి కావలెను? అదిగాక రుసుము తీరినను గది అద్దె, భోజనము, పుస్తకములు, బస్సు ఖర్చు మిగిలియే యుండును. పట్నవాసికి ఈ భారము తక్కువ. పల్లెవానికి రుసుముకంటె నిదియే బరువు.

ఈ సత్యమును పూర్వులు గ్రహించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము నెలకొనిన 1918వ సంవత్సరముననే, రాజా బహద్దరు వేంకటరామారెడ్డి మొదలగువారి కృషిచే హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలసెను. పల్లెబాలునికి చదువుతోపాటు అన్నమును, గూడును కావలెనని వా రెఱుంగుదురు.

కావున మా నిర్ణయ మిది. ప్రభుత్వ కళాశాలలలో చదువు అందరికిని ఉచితముగా నుండవలెను. దూరగ్రామముల బిడ్డలకు వసతియు నొసగవలెను. ప్రైవేటు కళాశాలలలో బీదవారి రుసుము చెల్లింపునకు తేదీ నిర్ణయింపవలెను. అది తప్పినచో ఆ లోపము విద్యార్థిపై పడరాదు. శక్తిగలవారు తమ రుసుము తామే చెల్లింతురు గాక.

ఇక మన వంతు. పంట అమ్మిన నాడు కొంత సొమ్ము బిడ్డ పేర విద్యా పొదుపుగా సంఘమున నిలువచేయుట మేలు. పైరు అప్పు పైరుకే వినియోగింపవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చింపవలెనని సభ్య సోదర సోదరీమణులకు మా మనవి.