థియేటర్ తలుపు వెనక ఏముందో ముందే చూపిద్దాం

ఆపరేషన్ థియేటర్ అనగానే మనందరికీ ఒకే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. రెండు రెక్కల తలుపు, దాని పైన ఎర్ర బల్బు. బల్బు ఆరుతుంది, డాక్టరు కళ్లజోడు తీస్తూ బయటికొస్తాడు, "24 గంటలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేం" అంటాడు. సినిమా హాల్లో కూర్చుని చూసిన ఆ సీనే స్ట్రెచర్ మీద పడుకున్న మనిషికి మళ్లీ కనిపిస్తుంది. ఈసారి లోపల ఉన్నది తనే. "ఏం కాదు, భయపడకండి" అన్న ఒక్క ముక్కతో ఆ సినిమా ఆగదు. దాని బదులు ఇంకో బొమ్మ వెయ్యాలి. ఆపరేషన్‌కి ముందే రోగికి చూపించే చిన్న వీడియోలతో మేం వెయ్యబోతున్నది అదే.

మేమంటే ఇద్దరు మత్తు డాక్టర్లు, వార్డులో డ్యూటీలు చేసే నర్సులు, ఒకప్పుడు ఆరోగ్యమిత్రగా పనిచేసిన ఒకాయన, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక కుర్రాడు, ఇంట్లో మనిషిని లోపలికి పంపి బయట బెంచీ మీద కూర్చున్న నాలాంటి కొందరు. ఈ ఉద్యమానికి పేరింకా పెట్టలేదు. పేరు కోసం రెండు ఆదివారాలు వాదించుకుని, మూడో ఆదివారం పనిలో పడ్డాం.

ఇది రాసే పని నా మీద పడింది కాబట్టి మా అమ్మ సంగతి చెబుతాను. గర్భసంచి ఆపరేషన్. నడుములో సూది వేసి చేశారు, బాగానే చేశారు. వార్డుకి తెచ్చాక అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. నొప్పేమో అనుకున్నాం. సాయంత్రానికి కాలి వేళ్లు కదిలాక గానీ అసలు సంగతి బయటపడలేదు. "కాళ్లు పడిపోయాయనుకున్నానే" అంది. నడుములో మందు వేస్తే కొన్ని గంటలు కాళ్లు కదలవని, తర్వాత వాటంతటవే వస్తాయని ఆమెకెవరూ చెప్పలేదు. అడగొచ్చు కదమ్మా అంటే, "అంత పెద్ద డాక్టరుగారిని ఇదేం అడుగుతాం" అంది. ఒక్క వాక్యం ఖరీదు చేసే ఏడుపు అది. ఆ వాక్యం చెప్పే తీరిక ఆ రోజు ఎవరికీ దొరకలేదు. తప్పు ఒక్కరిదని అనను. పొద్దుటి నుంచి వరసగా కేసులున్న మత్తు డాక్టరు ప్రతి మంచం దగ్గరా అరగంట కూర్చోలేరు. వీడియో కూర్చోగలదు.

చెబితే భయం పెరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్లంటారు, కొందరు డాక్టర్లూ అంటారు. 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు కలిసి కడుపు ఆపరేషన్లు చేయించుకున్న 97 మంది మీద ఒక పరీక్ష చేశారు. అందులో కొందరికి ముందురోజే నొప్పి ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో, మంచంలో ఎలా పక్కకి తిరగాలో, ఒంటిని ఎలా వదులు చేసుకోవాలో చెప్పారు. నొప్పి ఉండదని మభ్యపెట్టలేదు. వాళ్లకి తర్వాత పట్టిన నొప్పి మందు మిగతావాళ్లకి పట్టినదాంట్లో దాదాపు సగం. ఆ పని మాటలతో జరిగింది, అప్పటికి చేతిలో ఫోన్లు లేవు. ఈ మధ్య సంగతి చూస్తే, 2016లో కాక్రేన్ సంస్థ 105 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసింది. మనసును ముందుగా సిద్ధం చేస్తే మేలు ఉండొచ్చని, సాక్ష్యం మాత్రం ఇంకా బలహీనంగా ఉందని తేల్చింది. మాకు ఆ రెండో సగం కూడా గుర్తుంది. మంత్రం అమ్మడానికి మేం రాలేదు.

హైదరాబాద్‌కి ఈ విషయంలో పాత చుట్టరికం ఉంది. 1888లో, 1889లో క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి నిజాం సొమ్ముతో ఇక్కడే రెండు కమిషన్లు కూర్చున్నాయి. వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి, ప్రపంచమంతా ఈ ఊరి వైపు చూసింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ పనిచేసిందీ ఇక్కడే. మత్తు గుండెను ఏం చేస్తుంది, ఊపిరిని ఏం చేస్తుంది అని అంత గట్టిగా వాదించుకున్న ఊళ్లో, మత్తుకి ముందు రాత్రి మనిషికి నిద్ర పట్టిందా అన్న ప్రశ్న మంచం దాకా రావడానికి ఇంతకాలం పట్టింది.

ఇక మా పట్టుదలలు. వీడియో 5 నిమిషాలు మించకూడదు. కోత, నెత్తురు చూపించకూడదు. యూట్యూబ్‌లో ఆపరేషన్ పేరు కొట్టి, తెరిచిన కడుపు చూసి హడలిపోయిన వాళ్లు మా వార్డుల్లోనే బోలెడుమంది. రోగి కళ్లకి ఏది కనిపిస్తుందో అదే చూపించాలి: కదిలే పైకప్పు, పెద్ద గుండ్రటి లైటు, ముఖాలకి మాస్కులు. ఏం చేస్తారో చెబితే చాలదు, ఒంటికి ఎలా ఉంటుందో చెప్పాలి. లోపల చలేస్తుంది. వేలికి క్లిప్పు పెడతారు, అది టిక్కు టిక్కుమంటూ ఉంటుంది, ఆ చప్పుడు మంచిదే. చేతికి కట్టిన బీపీ పట్టీ దానంతటదే బిగుసుకుని వదులుతుంది.

తాళి సంగతి దాచకూడదు. నగలన్నీ తియ్యమని గుమ్మం దగ్గర హఠాత్తుగా అంటే ఆడవాళ్ల గుండె జారిపోతుంది, అదే అపశకునం అనుకుంటారు. ముందురోజే కారణం చెప్పాలి: లోపల కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదముంది. తాళి తీసి ఎవరి చేతికివ్వాలో ఆమే నిర్ణయించుకుంటుంది. గోళ్ల రంగు ఎందుకు తుడుస్తారో, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చంటూ అన్నం మాత్రం 6 గంటల ముందే ఎందుకు ఆపమంటారో కూడా అలాగే. కారణం తెలియని నియమాన్ని మన ఇళ్లల్లో ఎవరూ పాటించరు. "పాపం నీరసంగా ఉన్నాడు" అని ఇడ్లీ పెట్టేస్తారు, ఆపరేషన్ వాయిదా పడుతుంది.

మాట్లాడేది యాంకరు కాదు, ఆ వార్డు సిస్టరే. భాష పుస్తకాల భాష కాదు. ఆదిలాబాద్ వీడియో శ్రీకాకుళంలో నడవదు. "శస్త్రచికిత్స" అన్న మాట మా స్క్రిప్టులో ఒక్కచోటా ఉండదు. గోండి, కోయ, లంబాడీ, దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు కలిసి వస్తే అవీ తీస్తాం. వార్డుల్లో సిగ్నల్ అందదు కాబట్టి ఫోను నుంచి ఫోనుకి పంపుకునేంత చిన్న ఫైలుగా చేస్తాం. ఏ ఆస్పత్రి బోర్డూ, ఏ నాయకుడి ఫొటో అందులో ఉండదు. ఎవరైనా తీసుకోవచ్చు.

చూపించాల్సింది తేదీ ఖాయమైన రోజున, మళ్లీ ముందురోజు సాయంత్రం, పక్కనున్న ఇంటి మనిషితో కలిపి. థియేటర్ గుమ్మంలో కాదు. చూడనంటే వదిలెయ్యాలి. తెలిస్తే ధైర్యం వచ్చేవాళ్లుంటారు, తెలియకపోతేనే నిద్రపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లని బలవంతాన కూర్చోబెట్టడానికి మనమెవరం?

ఒక విషయంలో మేం గట్టిగా అడ్డం నిలబడతాం. రేపు ఏదో ఒక ఆస్పత్రి "వీడియో చూపించాం కదా, ఇక్కడ సంతకం పెట్టండి" అంటుంది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది: చేసే వైద్యం గురించి, దాని ప్రమాదాల గురించి, వేరే దారుల గురించి తగినంత చెప్పాకే అది సమ్మతి అవుతుందని. ఆ చెప్పే బాధ్యత డాక్టరుది. వీడియో అయ్యాక ఒక మనిషి కుర్చీ లాక్కుని కూర్చుని "ఇంకేమన్నా అడగాలా?" అనకపోతే, ఆ వీడియో చూపించవద్దనే మా మాట.

వీడియోతో భయం తగ్గిందా లేదా లెక్క కూడా పెడతాం. 1996లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన 6 ప్రశ్నల కొలబద్ద ఒకటుంది. 4 ప్రశ్నలు భయం గురించి, 2 తెలుసుకోవాలన్న ఆరాటం గురించి. దాన్ని మన మాటల్లోకి తెచ్చి వీడియోకి ముందూ వెనకా అడుగుతాం. భయం పెరిగినవాళ్ల లెక్క కూడా దాచకుండా పెడతాం.

మొదటి వీడియో నడుములో సూది మీద. ఎందుకంటే సిజేరియన్‌కి, హెర్నియాకి, గర్భసంచికి, విరిగిన కాలికి చాలాసార్లు అదే. ఒక్కటి తీస్తే నాలుగు వార్డులకి సరిపోతుంది. మా అమ్మ కోసం కూడా అనుకోండి, ఒప్పుకుంటాను. చిన్నపిల్లల వీడియో వేరే పని, దానికి వేరే బుర్రలు కావాలి.

కెమెరా మా దగ్గర ఉంది. లేనిది మీరు. ఈ ఏడాదిలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు రండి. ఆ రోజు సరిగ్గా ఏ నిమిషంలో గుండె జారిందో, అప్పుడు ఎవరు ఏం చెప్పి ఉంటే బాగుండేదో చెప్పండి. మా అమ్మది మొదటి కాగితం మీద రాసుకున్నాం.