పనుల వరుస

"తీరిక దొరకినప్పుడు చూచుకొందము" అను మాట మన యిండ్లలో వినబడని దినము లేదు. కాని తీరిక తనంత తాను వచ్చు చుట్టము కాదు. పిలిచి పీట వేసిననే కూర్చుండును.

2019వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటిపని చేయు స్త్రీలు దానికై దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. 299 నిమిషములనగా అయిదు గంటలకు ఒక్క నిమిషమే కొఱత. ఇంత కాలము వ్యయమైనను, రాత్రి పడక చేరునప్పుడు ముఖ్యమైన పని యేదియో మిగిలిపోయినదని మనకు తోచుచునే యుండును. పనులు పెక్కగుట దీనికొక హేతువు; అన్నిటిని సమానముగా నెంచుట మఱియొక హేతువు.

పనుల వరుస నేర్చుకొనుటకు మా చిత్తూరు సీమవారు దూరము పోనక్కఱలేదు. 2022 వఱకు మా జిల్లాలోనిదైన తిరుమలకొండపై జరుగు కైంకర్యక్రమమును గమనించిన చాలును. భక్తులు ఎన్ని వేలమంది వచ్చినను, తెల్లవాఱుజామున సుప్రభాతము, పిదప తోమాలసేవ, అర్చన, నైవేద్యము, రాత్రి యేకాంతసేవ, ఈ వరుస తప్పదు. దర్శనములు వీని నడిమి కాలమున నిమిడిపోవలసినదే. ధనుర్మాసమున సుప్రభాతమునకు మాఱుగా తిరుప్పావై పఠింతురు. పాఠము మాఱినను దాని స్థానము మాఱదు.

గురువారము తిరుప్పావడ, శుక్రవారము అభిషేకము వారమున కొకమాఱే. ఆలయమంతయు కడిగి శుద్ధిచేయు కోయిలాళ్వారు తిరుమంజనము సాధారణముగా ఏటికి నాలుగుమాఱులే: ఉగాదికి, ఆణివార ఆస్థానమునకు, బ్రహ్మోత్సవములకు, వైకుంఠైకాదశికి ముందుగా వచ్చు మంగళవారమున. ఆనాడు కొన్ని గంటలసేపు దర్శనమును నిలిపివేయుదురు.

మన సంసారములకును ఇట్టి విభాగమే తగినదని మా యభిప్రాయము. వంట, పిల్లల చదువు, పెద్దల మందులు దినదినము తప్పనివి. ఇంటిపద్దు చూచుకొనుట, బట్టల పెట్టె సర్దుట వారమున కొకమాఱు చాలును. అటకమీది యిత్తడిపాత్రలు తోముట, మామిడికాయల కాలమున ఊరగాయలు పెట్టుట ఏటిపనులు. అట్టి పని పెట్టుకొన్ననాడు తక్కిన పనులను తగ్గించుకొనవలయును గాని, ఆనాడే నాలుగు కూరలు వండబూనుట తగదు.

మఱియొక సంగతి. కొండమీది సేవలన్నియు ఒక్కరి చేతిమీదుగా జరుగవు. ప్రత్యూషమున బంగారువాకిలి తెఱచు సన్నిధిగొల్ల వేఱు, అర్చన చేయు స్వామి వేఱు, పోటులో ప్రసాదములు వండువారు వేఱు. ఇంటిలో మాత్రము అన్నియు ఇల్లాలి తలపై నేల పడవలయును? నీళ్లు పట్టుట, పక్కలు చుట్టుట, అంగడికి పోయివచ్చుట భర్తకును కుమారులకును అప్పగింపదగిన పనులే.

ఇక మనకై మనము ఉంచుకొనవలసిన భాగము. ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలియు, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతియు నిత్యము జరుగును. 1817లో పరమపదించిన ఆ కవయిత్రి హారతి, పనులన్నియు ముగిసి వేళ మిగిలినప్పుడు ఇచ్చునది కాదు. దానికొక వేళ యేర్పడియున్నది. అన్నమాచార్యులవారు 1424 మొదలు 1503 వఱకు దినమున కొక సంకీర్తనకు తక్కువ కాకుండ రచించినట్లు వారి రాగిరేకులు తెలుపుచున్నవి. అదియు నియమమువలననే గదా!

కావున అరగంట చదువునకు ఒక వేళ నేర్పఱచుకొని, దానిని నైవేద్యమువలె కాపాడుకొనుడు. అంతకంటె ముఖ్యమైనది దేహరక్ష. నెలల తరబడి నొప్పినోర్చుకొని, "పెండ్లి కానీ, పరీక్షలు కానీ" అని వైద్యునియొద్దకు పోక జాగుచేయు సోదరీమణులు ప్రతి వీథిలోను ఉన్నారు. మనకు తీరిక చిక్కువఱకు రోగము వేచియుండదు. ఈ రాత్రియే ఒక కాగితము తీసికొని రేపు తప్పక చేయవలసిన పనులు మూడింటిని వ్రాయుడు. వైద్యునికి చూపించుకొనవలసిన బాధ యేదైన నున్నచో, ఆ పనినే మొదటి పంక్తిలో వ్రాయుడు.