బొంబాయిలో మన వాడలు



గడచిన మాసమున ధర్మపురి గోదావరి రేవును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసము రేవును విడిచి చాల దూరము పోవలసివచ్చినది. అయినను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల వారికి బొంబాయి దూరమని చెప్పుట తగదేమో. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అను మూడు బాయిల మాట మన ప్రాంతమున నెరుగనివారు లేరు. గనులకు కొందరు, మిల్లులకు కొందరు, ఎడారికి కొందరు పోయిరి. పోయినవారు పురుషులు. ఇంట మిగిలి, ఒడిలో చేట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టినవారు స్త్రీలు. 1995లో ఆ నగరమునకు ముంబయి యను పేరు స్థిరపడినను మన వాకిళ్లలో అది నేటికిని బొంబాయియే. అక్కడి వాడల పేర్లు మన యవ్వలకు మనియార్డరు కాగితముల వలననే కంఠస్థములైనవి: వర్లీ, పరేలు, ప్రభాదేవి, భివండీ. కన్నులార చూచినవారు మాత్రము కొందరే.

కంఠస్థమైనను బయటికి పలుకని పేరొకటి కలదు. దానిని గూర్చి మేమొక తప్పు చేసితిమి. అది చెప్పుకొనుటకే ఈ నెల కలము పట్టితిమి.

మొన్నటి మాఘమాసమున కోరుట్లలో మా పొరుగువారి కుమారునకు బొంబాయి సంబంధము కుదిరినది. పెండ్లికూతురి వారు సిరిసిల్ల ప్రాంతమువారే గాని మూడు తరములనుండి అక్కడనే స్థిరపడినవారు. పిల్లలు మరాఠీ బడిలో చదివిరి. తెలుగు చక్కగా మాటలాడుదురు, వ్రాయలేరు. అందువలన ఉభయుల శుభలేఖలును ఇచ్చటనే అచ్చు వేయింప నిశ్చయించి, చిత్తుప్రతి దిద్దుమని మా యొద్దకు తెచ్చిరి. కన్యాదాత చిరునామా కడ “కామాటిపురా” యని యుండెను. పెండ్లికొడుకు తల్లి మా ముఖము చూచెను, మేము ఆమె ముఖము చూచితిమి. “గీ పేరు తీసేస్తే మంచిగుంటదేమో చెల్లే, నలుగురు సదువుతరు” అని ఆమె మెల్లగా ననెను. మేము మారుమాట లేక ఆ పదమును కొట్టివేసి “ముంబయి సెంట్రల్” అని వ్రాసితిమి. ఆ పేరి రైలు స్టేషను అక్కడికి సమీపముననే యున్నది గనుక అబద్ధము కాదని మనస్సునకు నచ్చజెప్పుకొంటిమి. ద్రోణునితో ధర్మరాజు పలికిన సత్యము వంటి సత్యమది.

వైశాఖమున వివాహము. బడులకు సెలవులగుటచే మేమును మగపెండ్లివారితో బయలుదేరితిమి. 2017లో పెద్దపల్లినుండి నిజామాబాదు వరకు పట్టాలు కలిసినవి గనుక ఇపుడు కోరుట్లలోనే రైలెక్కవచ్చును. కళ్యాణు స్టేషనులో దిగి, బంధువులను చూచుటకై మొదట భివండీకి పోయితిమి. అక్కడ పద్మానగరను వాడ కలదు. కన్నులు మూసికొని నడిచినచో సిరిసిల్లలో నున్నట్లే తోచును. అవే సాంచెల చప్పుళ్లు, అదే నూలుదుమ్ము, అవే పలకరింపులు. మాకు దారి చూపిన ముసలాయన ప్రతి మాటయు కేకవేసినట్లు పలుకుచుండెను. కోపమేమో యని జంకితిమి. నలువది యేండ్లు సాంచెల నడుమ నిలిచినవాని గొంతు అట్లే యుండునని తరువాత తెలిసినది. సాంచె యజమానిది, గుడ్డ సేటుది, చెవుడు మాత్రము పనివానిది! సిరిసిల్లలో 2017నుండి బతుకమ్మ చీరల నేత మొదలైనపుడు ఈ వాడనుండి కొందరు ఇల్లు చేరిరట. 2023తో ఆ పంపిణీ నిలిచినది. తరువాత మహిళాసంఘముల చీరల పని వచ్చినదిగాని, రెంటి నడుమ మరల బొంబాయి దారి పట్టినవారెందరో.

అక్కడినుండి వర్లీ. మా చిన్నమ్మ గారు అచ్చటి బి.డి.డి. చాలులో ఏబది యేండ్లుగా నున్నారు. 1920ల నాడు అప్పటి ప్రభుత్వము కార్మికులకై కట్టించిన కట్టడములివి. వర్లీలోనే 121 యుండెడివి. నేలమీది దానితో గూడ నాలుగంతస్తులు, అంతస్తునకు ఇరువది గదులు, ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు అందరకు ఉమ్మడి. బొంబాయిలో మొదటి నూలుమిల్లు 1854లో స్థాపింపబడినది మొదలు ఇటువంటి గదులలోనే మనవారి బ్రతుకులు గడచినవి. పగటి పాళీవాడు లేచిన చాపపై రాత్రి పాళీవాడు పండుకొనెడివాడు. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మెలో సుమారు 2.5 లక్షలమంది కార్మికులు పని మానిరి. చాల మిల్లులు మరల సరిగా నడువనేలేదు. చిన్నమ్మగారి భర్తయు ఆ సమ్మెతో పని పోయినవారే. ఆ మిల్లుల చోట ఇపుడు ఆకాశమంటు మేడలు, అంగళ్ల భవనములు. ఫీనిక్సు మిల్లు వాకిట విలువగల చీరలు అద్దాల వెనుక కనబడినవి. వెల యడిగి ఊరకుంటిమి.

ఈ చాలులను పడగొట్టి 500 చదరపు అడుగుల ఇండ్లు కట్టి యిచ్చుచున్నారు. 2025లో వర్లీలో మొదటి విడత తాళముచెవులు అందినవి. చిన్నమ్మ గారి వంతు ఇంకను రాలేదు. సంతోషమే గదా యని యడిగితిమి. “సంతోషమే బిడ్డా. గీ ఖోలీల పదిమందిమి పండినం. గంత పెద్దింట్ల ఇగ నేనొక్కదాన్నే” అనిరి. ఆమె కుమారు లిద్దరును గల్ఫులో నున్నారు. బతుకమ్మ నాటి సంగతి యడుగగా ముఖము వికసించినది. బంతిపూలు దాదరు పూలబజారులో దొరకును గాని, తంగేడు ఊరినుండి బస్సులో రావలసినదేనట. డ్రైవరునకు రెండు దినముల ముందే చెప్పవలెను. ఆ దాదరులోనే ఆంధ్ర మహాసభయు కలదు. ప్రొద్దు చాలక బయటినుండియే చూచి వచ్చితిమి.

మరునాడు పెండ్లివారింటికి కామాటిపురా పోయితిమి. కామాటి యనగా కూలి చేసి బ్రతుకువాడు. ఏడు దీవులుగా నున్న బొంబాయిని, సముద్రమునకు కట్టలు వేసి, బురద పూడ్చి ఒక్క నేలగా చేసిన కాలమున రాళ్లెత్తుటకును ఇండ్లు కట్టుటకును మన తెలుగు కూలివారు తరలిపోయిరి. పదునెనిమిదవ శతాబ్దము చివరినుండి ఆ పల్లపు నేలలో కాపురముండిరి. వారి వలననే ఆ వాడకు ఆ పేరు. ఆ కూలివారి నుండియే గొప్ప కంట్రాక్టరులును పుట్టిరి. 1873లో జ్యోతిరావు ఫూలే పూణేలో సత్యశోధక సమాజమును స్థాపించినపుడు వెంకు బాలాజీ కాలేవార్, జయా కరాడీ లింగు వంటి బొంబాయి తెలుగువారు ఆయనకు అండగా నిలిచిరి. ఈ సంగతి మనలో నెందరికి దెలియును? ఆంగ్లేయుల యేలుబడిలో ఆ వాడ గల్లీలలో దేహవిక్రయము నెలకొన్నది. ఆ స్త్రీలును ఎవరి కన్నబిడ్డలో, ఎంత దూరమునుండి ఎట్లు వచ్చి పడినవారో. వారిని నిందింప మాకు నోరాడదు. ఇపుడది మిక్కిలి తగ్గి, సంచులు కుట్టువారును చిన్న పనిశాలలును నిండియున్నవి. వాడ నంతటిని మరల కట్టుటకు పథకములు సాగుచున్నవి. కాని లోకమున కా పేరు వినగానే స్ఫురించునది ఆ ఒక్కటియే. హైదరాబాదు పాతబస్తీలోను కామాటిపురా యున్నది. ఆ పేరు చెప్పుట కక్కడ నెవరును తలవంచుకొనరు.

మేము పోయిన గల్లీ మన పట్టణములలోని ఏ ఇరుకు గల్లీ వలెనో యున్నది. నల్లా కడ బిందెలు, అరుగుపై పిల్లలు, ఎండలో వడియములు. పెండ్లికూతురి అవ్వ మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “సదువు బిడ్డా, నాకు తెలుగు సదువ రాదు” అని శుభలేఖ చేతికిచ్చినది. గణపతి ప్రార్థన మొదలు చదివితిమి. మనుమరాలి పేరు వచ్చినపుడు నవ్వినది. చిరునామా కడ ఆపినది.

“ముంబయి సెంట్రలా? గాడ మాకు ఇల్లెక్కడిది? మా మామ గీ గల్లీలకెళ్లే పోయి రాళ్లు మోసిండు. మా ఇంటాయన గీన్నే సచ్చిండు. అచ్చుల తప్పు పడ్డట్టున్నది. దిద్దు బిడ్డా.”

తప్పు అచ్చువారిది కాదని చెప్పుటకు మాకు నోరు రాలేదు. వాడలో పంచవలసిన పత్రికలింకను నూటికి పైగా మిగిలియుండెను. కలము తెప్పించుకొని, ఒక్కొక్క దానిపై ఆ రెండు మాటలు కొట్టివేసి, గల్లీ సంఖ్యతో సహా కామాటిపురా యని వ్రాయుచు దీపాలవేళ వరకు కూర్చుంటిమి. పెండ్లికొడుకు తల్లి తొలుత దూరముగా నిలిచి చూచెను. తరువాత తానును వచ్చి కూర్చుండి, సిరా ఆరుటకై పత్రికలను చాపపై పరచసాగెను. కోరుట్లలో పంచినవి మాత్రము పంచినట్లే పోయినవి.