భూ రికార్డుల వెబ్‌సైట్ రైతుకు అర్థమయ్యేలా ఉండాలని తీర్మానం

వికారాబాద్ జిల్లా దోమలో సమావేశమైన మండల రైతుల సభ, భూ రికార్డుల వెబ్‌సైట్ తీరుపై చర్చించి ఈ కింది తీర్మానం చేసింది.

2020 అక్టోబర్ 29న భూ రికార్డుల వెబ్‌సైట్ ధరణి మొదలైంది. దరఖాస్తుల మాడ్యూళ్లు పెరిగి పెరిగి 33కు చేరాయి. పేరు తప్పు పడ్డవారు, విస్తీర్ణం తప్పు పడ్డవారు దేనిలో దరఖాస్తు పెట్టాలో తేల్చుకోవడమే పెద్ద పనయింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి వాటిని ఆరుకు కుదించినందుకు సభ సంతోషిస్తోంది. అయితే మాడ్యూళ్లు తగ్గినంత మాత్రాన పేజీ చదవడం సులువైపోదు.

సభలో ఎక్కువసేపు నలిగిన విషయాలు రెండు. మొదటిది సర్వే నంబరు. 45/అ అన్నయ్యది, 45/ఆ తమ్ముడిది అనుకుందాం. చిన్న ఫోన్‌లో, సన్నటి అక్షరాల్లో ఆ రెండూ ఒకేలా కనబడతాయి. వేలు కాస్త పక్కకు పడితే తమ్ముడి పొలం తెరుచుకుంటుంది. రెండోది విస్తీర్ణం. 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పట్నంలో చదివే పిల్లలు దాన్ని దశాంశంగా లెక్కగడితే 2 ఎకరాల 8 గుంటలే వస్తుంది. పన్నెండు గుంటలు లెక్కలోనే పోయాయన్నమాట!

కనుక, ఎంచుకున్న సర్వే నంబరును పెద్ద అక్షరాల్లో మళ్లీ చూపి, అవునన్నాకే పేజీ ముందుకు పోవాలని, విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటలు అని విడిగా రాయాలని సభ కోరుతోంది. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో తెలుగులో చెప్పాలి. అంతకుముందు నింపినదంతా చెరిగిపోకూడదు. క్యాప్చా ఉన్నచోట చూపు ఆనని వారికి దాన్ని చదివి వినిపించాలి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది కాబట్టి ఇది దయతో చేసే ఏర్పాటు కాదు. మొదటి పేజీలో ఫొటోలు, పరుగెత్తే అక్షరాలు కిందికి పోయినా నష్టం లేదు. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూసుకునే చోటు మాత్రం పైనే ఉండాలి.

వేరే యాప్ కావాలని కొందరు యువకులు ప్రతిపాదించారు. ఉన్న వెబ్‌సైటే ఫోన్‌లో సరిగ్గా తెరుచుకుంటే యాప్ దేనికని ఎక్కువ మంది అనడంతో ఆ ప్రతిపాదన వీగిపోయింది.

ఏ మార్పు చేసినా, విడుదలకు ముందే మండలంలో కొందరు రైతుల చేతికి ఫోన్ ఇచ్చి, పక్కనుంచి ఎవరూ అందించకుండా, తమ పొలం వివరాలు తామే తీయమనాలి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ పేజీని సరిచేయాలి.

ఈ తీర్మానం ప్రతులను తహసీల్దారుకు, జిల్లా కలెక్టరుకు, భూపరిపాలన ప్రధాన కమిషనరుకు పంపాలని సభ నిర్ణయించింది.