పనితనము - కారణజ్ఞానము

బంగారము పసుపుపచ్చనిది, వెండి తెల్లనిది అని పసిపిల్లలు సైతము ఎరుగుదురు. బంగారములో రాగి పాలు హెచ్చినచో ఎరుపుదేరుననియు, వెండి పాలు హెచ్చినచో వెలవెలబోవుననియు బంగారుపని చేయువారు చెప్పుదురు. కాని ఈ లోహములనే కంటికి కానరానంత సూక్ష్మకణములుగా చేసినచో వాని రంగులు మన ఊహకు అందనట్లు మారిపోవును. పై తరగతుల విద్యార్థులు ఈ విషయమును తప్పక తెలిసికొనవలెనని మా అభిప్రాయము. “ఇది పరీక్షకు వచ్చునా?” అని అడుగు తల్లిదండ్రులు కలరు. వారికి మా సమాధానమును ఇచ్చట విన్నవించుచున్నాము.

లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియములో క్రీస్తుశకము 4వ శతాబ్దము నాటి రోమనుల గాజు పాత్ర యొకటి కలదు. మ్యూజియమువారు దానిని 1958లో సంపాదించిరి. ద్రాక్షతీగలలో చిక్కుకొన్న లైకర్గసు అను రాజు బొమ్మ దానిపై చెక్కబడియుండుటచే దానికి లైకర్గసు పాత్ర యని పేరు. వెలుతురు బయటినుండి పడినప్పుడు అది ఆకుపచ్చగా కనబడును. లోపల దీపముంచినచో కెంపువలె ఎర్రగా ప్రకాశించును.

ఆ గాజును ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించిన ఫలితములు 1990లో వెలువడెను. అందు 50 మొదలు 100 నానోమీటరుల వరకు గల లోహకణములు కనబడెను. నానోమీటరు అనగా మీటరులో 100 కోట్లవ వంతు. ఆ కణములు వెండి బంగారముల మిశ్రలోహము. సుమారు 7 పాళ్లు వెండికి 3 పాళ్లు బంగారము. కొంచెము రాగియు కలదు. గాజు మొత్తములో బంగారము పది లక్షల పాళ్లకు సుమారు 40 పాళ్లు మాత్రమే!

దీనికి కారణమేమి? లోహములలో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు కలవు. కాంతి సోకినప్పుడు చిన్నకణములోని ఆ ఎలక్ట్రానులన్నియు కలసికట్టుగా ఊగును. ఉయ్యాలను దాని ఊపునకు సరిపడునట్లు త్రోసినచో అది మిక్కిలి ఎత్తునకు పోవునట్లు, ఒకానొక రంగు కాంతికే ఈ ఊపు మిక్కిలి హెచ్చును. ఆ కాంతిని కణము కొంత మ్రింగును, కొంత నలువైపుల వెదజల్లును. మిగిలిన కాంతి ఆవలికి సాగిపోవును. వెండికణములకు అట్టి కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 400 నానోమీటరులు, అనగా ఊదారంగు. బంగారుకణములకు సుమారు 520, అనగా ఆకుపచ్చ. అందుచేతనే నీటిలో తేలు బంగారుకణములు ఎర్రగాను, వెండికణములు పసుపుపచ్చగాను కనబడును.

ఈ రెండు నీళ్లను ఒకే సీసాలో పోసి కలిపినచో, కాంతిని మ్రింగు ఆ రెండు తావులును వేరువేరుగానే నిలుచును. రెండు లోహములును ఒకే కణములో ఏకమైనచో అట్లు కాదు. రెంటికి నడుమ ఒక్క తావే ఏర్పడును. బంగారము పాలు హెచ్చినకొలది అది 400 నుండి 520 వైపునకు జరుగును. కావున రంగును కొలిచి కలయిక ఎట్టిదో చెప్పవచ్చును. లైకర్గసు పాత్రలోని కణములు ఆకుపచ్చ కాంతిని మన వైపునకు వెదజల్లి, ఎరుపును ఆవలికి పోనిచ్చుచున్నవి.

ఆ గాజును చేసినవారు ఈ కారణము నెరుగరు. వారి నేర్పు గొప్పది; దానిని చులకన చేయుట మా ఉద్దేశము కాదు. కాని అట్టి గాజులు నేడు బహు కొద్దిగా మిగిలినవి. ఆ విద్య చేతిలో పుట్టి చేతితోనే పోయెను. పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుచు పెరిగిన మైకేల్ ఫారడే, బంగారపు ఎర్రని నీళ్లలో నున్నవి సూక్ష్మమైన బంగారుకణములే యని 1857లో తెలిపెను. గుస్టావ్ మీ 1908లో వాని రంగులను గణితముచే వివరించెను. కారణము తెలిసిన పిమ్మట లోహముల పాళ్లు మార్చి కోరిన రంగును రప్పించుట సాధ్యమైనది. నేటి అనేక వైద్యపరీక్షా పట్టీలపై కనబడు ఎర్రగీత బంగారుకణములదే.

కంఠస్థము చేసి తెచ్చుకొను మార్కులు ఆ గాజుపని వంటివి. ఒకమారు అక్కరకు వచ్చును; ప్రశ్నను మార్చి అడిగినచో చేతి కందవు. కారణ మెరిగిన బాలుడు పరీక్షలోను వెనుకబడడు, పరీక్ష ముగిసిన పిమ్మటను మరువడు.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి యిది. ఒక గాజు గ్లాసెడు నీళ్లలో కొన్ని పాలచుక్కలు వేసి, చీకటి గదిలో ఒక ప్రక్కనుండి టార్చిలైటు వేయుడు. ప్రక్కనుండి చూచినచో నీలిచాయయు, ఎదుటినుండి చూచినచో ఎర్రచాయయు తోచును. ఇందు లోహము లేదు, ఎలక్ట్రానుల ఊపును లేదు. ఐనను కాంతి చెదరుటచే చూచు దిక్కునుబట్టి రంగు మారుట కనబడును. అప్పుడు పిల్లలను మార్కులెన్ని యని గాక, “ఇది యేల అయినది?” అని అడుగుడు. వారు మన యింటి మాటలలో చెప్పగలిగిననాడే వారికి చదువు వచ్చినదని మేము నమ్ముదుము.