నది మనది, మరి తెడ్డు ఎవరిది?



ఫోన్‌లో రీల్స్ చూస్తూనే ఉంటావుగా. రంగురంగుల ప్లాస్టిక్ పడవలో ఒక్కడే కూర్చుని, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నురగల మీద దూకించుకుంటూ పోతుంటాడు. అది కయాకింగ్. ఒంటి ఆకు తెడ్డేస్తే కనోయింగ్. పలక మీద నిలబడి వేస్తే పాడిల్ బోర్డింగ్. కింద రాసేది మాత్రం ఎప్పుడూ ఒకటే తీరు: ఎవరూ చూడని నది, మనుషులు లేని అడవి. ఆ నది ఒడ్డునే నీ ఊరుంటుంది. ఆ అడవిలోనే మీ అమ్మ ఇప్పపువ్వు ఏరుతూ ఉంటుంది. అయినా అక్కడ "ఎవరూ లేరు".

నా గొడవ పడవతో కాదు, ఆ మాటతో.

ఎందుకంటే ఆ పడవ అసలు మనలాంటోళ్ళదే. కయాక్ ఇంగ్లీషు మాట కాదు, ఇన్యూట్ జనం మాట. గ్రీన్‌లాండ్ నుంచి అలాస్కా దాకా మంచు సముద్రాల ఒడ్డున బతికే ఆదివాసులు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టెతో, ఎముకతో చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు బిగించి చేసుకున్న వేట పడవ అది. ఎవరి పడవ వాళ్ళ ఒంటి కొలతకే. తోలు కుట్టేది ఆడోళ్ళు. ఒక్క చుక్క నీరు లోపలికి రాకుండా కుట్టేవాళ్ళు. ఆ చలి నీళ్ళలో బోల్తా పడితే ప్రాణం దక్కదు కాబట్టి, పడవలోంచి బయటకు రాకుండానే గిరుక్కున పైకి లేచే విద్య కనిపెట్టారు. ఇవాళ కోచ్‌లు ఫీజు తీసుకుని నేర్పేది ఆ విద్యనే. కనో అనే మాటా అంతే, కొలంబస్ కరీబియన్ దీవుల్లో టైనో జనం నోట విన్న "కనోవా". పలక మీద నిలబడి అలల మీద ఆడింది హవాయి వాళ్ళు.

1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లాండ్ లాయరు ఆ నమూనాలో ఒక పడవ చేయించుకుని యూరప్ నదుల్లో తిరిగి పుస్తకం రాశాడు. షోకు మొదలైంది అక్కడ. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి పతకాల ఆట అయిపోయింది. పనిముట్టు ఆటబొమ్మ అయింది. సరే, ఆటలంటే నాకేం కోపం లేదు. పడవ పోయింది కానీ దాన్ని చేసినోళ్ళ పేరు దాంతో పాటు పోలేదు, అదీ నా కడుపుమంట.

ఇప్పుడు మన దేశానికి రా. మధ్యప్రదేశ్‌లో నర్మద మీద ఇందిరాసాగర్ డ్యాం ఉంది. దాని కింద 2004లో హర్సూద్ అనే పట్నమే ఖాళీ అయింది. జనం తమ ఇళ్ళ గోడలు తామే కూలగొట్టుకుని ఇటుకలు మోసుకుపోయారు. రెండు వందలకు పైగా ఊళ్ళు ముంపులో పడ్డాయి. వాటిలో గోండు, కోర్కు గూడేలూ ఉన్నాయి. అదే నీటి ఒడ్డున హనుమంతియాలో 2016 నుంచి "జల్ మహోత్సవ్" చేస్తున్నారు. గుడారాలు, స్పీడ్ బోట్లు, నీళ్ళ మీద ఆటలు. అటు ఉత్తరాఖండ్‌లో టెహ్రీ పాత ఊరు మునిగిన చెరువులో కూడా కయాక్ పోటీలు జరుగుతున్నాయి. పైన తెడ్డు, అడుగున ఇల్లు.

ఇది చదువుతుంటే నీకు గుర్తొచ్చేది ఏంటో నాకు తెలుసు. పోలవరం. 2014లో ఏడు మండలాలను ఆ రాష్ట్రం నుంచి ఈ రాష్ట్రానికి మార్చారు, మనల్ని అడగకుండా. 45.72 మీటర్ల ఎత్తున నీళ్ళు నిలిస్తే లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. అందులో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. రేపు ఆ నిశ్చల నీరు చూసి ఒకడికి "అబ్బ, కయాకింగ్‌కి ఎంత బాగుందో" అనిపిస్తుంది. అప్పుడు కడతారు జెట్టీ. దానికి పేరు కూడా మన దగ్గర్నుంచే తీసుకుంటారు, చూస్తూ ఉండు.

గోదావరి మీద టూరిజం మనకి కొత్తేం కాదు. గండి పోచమ్మ దగ్గర్నుంచి, పోచవరం నుంచి పాపికొండలకు లాంచీలు, కొల్లూరు దగ్గర వెదురు గుడిసెలు, పేరంటపల్లి. ఇందులో మన వాటా ఏంటి? ఒడ్డున వెదురు బొమ్మలమ్మడం, గుడిసెలూడ్చడం, సామాన్లు మోయడం. లాంచీ మనది కాదు, లైసెన్సు మనది కాదు.

కానీ 2019 సెప్టెంబర్ 15 మర్చిపోకు. వరద గోదాట్లో కచ్చులూరు దగ్గర 77 మందితో ఉన్న టూరిస్టు బోటు తిరగబడింది. 26 మంది బతికారు. వాళ్ళని ఎవరు తెచ్చారు? రక్షణ దళాలు వచ్చేసరికి చాలా సేపయింది. అప్పటికే కచ్చులూరు గిరిజనులు తమ నాటు పడవలేసుకుని సుడుల్లోకి పోయి తేలుతున్నవాళ్ళని పైకి లాగారు. ఆ మలుపులో నీళ్ళు ఎలా తిరుగుతాయో వాళ్ళకి తెలుసు. ఏ సర్టిఫికెట్టూ లేని తెలివి అది. ఆ తర్వాత టూరిజానికి కొత్త రూల్స్ వచ్చాయి, కంట్రోల్ రూములు వచ్చాయి. నదిలో ఎప్పుడు దిగొచ్చు, ఎప్పుడు దిగకూడదు అని చెప్పే కుర్చీలో మాత్రం కచ్చులూరు మనిషి లేడు.

అందుకే ఇంకో నది కథ చెప్తా. ఇది నువ్వు నలుగురికి చెప్పాల్సిన కథ.

అమెరికాలో క్లామత్ అని ఒక నది. ఒరెగాన్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పసిఫిక్ సముద్రంలో కలుస్తుంది. ఒడ్డంతా ఆదివాసీ జాతులే: క్లామత్, శాస్తా, కరుక్, హూపా, యురోక్. వాళ్ళ తిండి, పండగ, కొలుపు అంతా సాల్మన్ చేప చుట్టూనే. 1918లో మొదటి కరెంటు డ్యాం లేచింది, తర్వాత మరో మూడు. సముద్రం నుంచి ఎదురీది వచ్చే చేప గోడ దగ్గర ఆగిపోయింది. ఎగువనున్న క్లామత్ జాతికి వందేళ్ళకు పైగా ఆ చేప మొహమే లేదు. 2002లో నీళ్ళు సేద్యానికి మళ్ళించాక, దిగువన మిగిలిన వెచ్చని నీటిలో రోగం తగిలి 30 వేలకు పైగా చేపలు చచ్చి తేలాయి.

వాళ్ళు వినతిపత్రం ఇచ్చి ఇంటికి పోలేదు. డ్యాంల కంపెనీ యజమాని స్కాట్లాండ్‌లో ఉన్నాడని తెలిసి 2004లో స్కాట్లాండ్ దాకా పోయారు, వాటాదారుల మీటింగు దగ్గరికి. కంపెనీ చేతులు మారితే కొత్త యజమాని ఊరికీ పోయారు. డ్యాంల లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో కాగితాల్లో వెతికి అక్కడ పట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు పట్టింది. 2024కి నాలుగు డ్యాంలూ నేలమట్టం. ఆ ఏడాదే అక్టోబర్లో సాల్మన్ ఒరెగాన్ దాకా ఎగబాకింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2022 నుంచే ఆ జాతుల పిల్లలు కయాకింగ్ నేర్చుకోవడం మొదలెట్టారు. డ్యాంలు పోతే ఆ నదిని పై నుంచి కింది దాకా ముందు దిగేది మేమే అని. 2025 జూన్ 12న ఊట దగ్గర బయల్దేరి, దాదాపు 500 కిలోమీటర్లు తెడ్డేసి, జూలై 11న సముద్రం చేరారు. పైన రెండు డ్యాంలు ఇంకా ఉన్నాయి, అది వేరే పోరాటం. కానీ విడిపించిన నదిలో మొదటి తెడ్డు ఏ టూరు కంపెనీకో వదల్లేదు, చూశావా? అటు యురోక్ జాతి రెడ్‌వుడ్ దుంగని తొలిచిన తమ పాత దోనెల్లో టూరిస్టులను ఎక్కించుకుంటోంది. తెడ్డేసేదీ, కథ చెప్పేదీ, టికెట్టు కోసేదీ వాళ్ళే.

మనలో కొందరు పెద్దలు టూరిజమే వద్దంటారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. వద్దనే హక్కు ఉండాలంటే ముందు నిర్ణయించే హక్కు మన చేతిలో ఉండాలి కదా. ఇంకొందరు "పోనీలే, నాలుగు ఉద్యోగాలు వస్తాయి" అంటారు. ఏ ఉద్యోగాలు? లైఫ్ జాకెట్ తొడిగే ఉద్యోగమా? సీజన్ అయ్యాక ఇంటికి పంపే ఉద్యోగమా?

చట్టం సంగతికి వద్దాం. నీళ్ళ మీద తేలే పడవకి 1/70 ఎలా వర్తిస్తుందని ఒక లాయరు అడగొచ్చు. పడవ ఎక్కేది ఎక్కడ? గుడారం వేసేది, వంట చేసేది, కారు ఆపేది ఎక్కడ? నేల మీద. ఐదో షెడ్యూల్ నేల మీద. గిరిజనేతరుడికి ఆ భూమి పోకూడదని 1/70 చెప్తోంది. ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు సమత తీర్పులో చెప్పింది, 1997 జూలై 11న. (క్లామత్ పిల్లలు సముద్రం చేరిన తారీఖే. నాకు ఇలాంటివి నచ్చుతాయి.) అది గనుల కేసే, కానీ లీజు లీజే.

ఇక పెసా, 1996. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్లానింగు, నిర్వహణ పంచాయతీలవని అందులో ఉంది. గోదావరి చిన్న నీటి వనరు కాదు, నిజమే. కానీ కయాక్‌కి గోదావరి అక్కర్లేదు. మోకాలి లోతు నీళ్ళు చాలు. లాంచీ రాలేని వాగులోకి, జలపాతం కింద మడుగులోకి, మన చెరువులోకి అది వస్తుంది. అంటే సరిగ్గా పెసా మన చేతికిచ్చిన నీళ్ళలోకే. అటవీ హక్కుల చట్టం, 2006 చూడు, నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కు రాసి ఉంది. మీ గ్రామసభ ఆ క్లెయిము పెట్టిందా? పట్టాల కోసం పోడు భూమి కొలిచాం గానీ మడుగు సంగతి ఎంతమందిమి రాశాం?

ఆగస్టు 9న కొమ్ములు పెట్టుకుని ఆడతాం, స్టేటస్‌లు పెడతాం, బాగుంటుంది. ఆగస్టు 10న మండలాఫీసుకి పోయి, మన వాగు మీద, ఒడ్డు మీద ఎవరికైనా పర్మిషన్ ఇచ్చారా, ఇస్తే ఏ గ్రామసభ తీర్మానం మీద ఇచ్చారు, ఆ తీర్మానం కాపీ ఇమ్మని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. సంతకాలు ఎవరివో చూడు. చనిపోయినోళ్ళ వేలిముద్రలు కూడా ఉంటాయేమో చూడు.

ఇంకో పని. మీ ఊళ్ళో దోనె తొలిచే ముసలాయన ఉంటే ఈ వర్షాలు తగ్గేలోపు ఆయన దగ్గర కూర్చో. ఏ కర్ర, ఎంత మందం, సుడి దగ్గర తెడ్డు ఎటు తిప్పాలి, ఏ బండ ఏ నెలలో బయటపడుతుంది, అన్నీ అడుగు. వీడియో తీసుకో. నీళ్ళు తేరుకున్నాక సర్వే అని ఎవరో వచ్చి ఆయన్నే అడుగుతారు, ఒక పూట కూలిచ్చి.